అది నేను అందించిన మాట కాదు

మొన్న ఆయన సంస్మరణ సభలో నన్ను చూసి జనం నవ్వారు.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో పెట్టారు సభ. గోడల నిండా ర్యాంకులు తెచ్చుకున్న పిల్లల ఫొటోలు. వాటి నడుమ, ఎవరిదో ర్యాంకు ఫొటో తీసేసిన చోట, ఆయన ఫొటో తగిలించి బంతిపూల దండ వేశారు. దక్షిణాఫ్రికాలో పుట్టి, అక్కడి పోలీసుల కళ్ళముందే నాటకాలు ఆడించి, పెద్ద పెద్ద దేశాల రంగస్థలాల మీద నిలబడి, చివరికి మన ఎల్బీనగర్ ఫంక్షన్ హాల్లో తన ఆఖరి నాటకం వేసిన దర్శకుడికి ఈ నగరం ఇచ్చిన గౌరవం అంతవరకే. సరే, అది వేరే బాధ.

మైకు పట్టుకున్నవాడు ఆ ఆఖరి నాటకంలో ఓడ గుమాస్తా వేషం వేసిన కుర్రాడు. ఇప్పుడు సీరియళ్ళలో కనిపిస్తున్నాడు. వాడన్నాడు:

“సార్ నాటకంలో సైలెన్స్ అంటే సైలెన్సే అండి. చనిపోయిన నటుడి డైలాగులన్నీ ఖాళీగా వదిలెయ్యాలి. స్టేజీ మీద మేం ఊపిరి బిగబట్టుకుని ఉన్నాం. అంతలో పక్కనుంచి మా ప్రాంప్టర్ తాత, అలవాటు కదా పాపం, పోయినాయన డైలాగ్ కూడా అందించేశాడు!”

హాలంతా గొల్లుమంది. నేను లేచి నిలబడ్డాను.

“నేను అందియ్యలే. ఆ పొద్దు నా నోట్లకెళ్లి ఒక్క మాట రాలే.”

“కూసో తాతా, మజాక్ చేసిండు. అంతదానికి గరమెందుకు?” అని వెనకవాడు చొక్కా పట్టి లాగాడు. మళ్ళీ నవ్వులు.

నవ్వనిది ఒక్కరే. రెండో వరసలో ఉన్న ఆమె, ఆ పోయిన నటుడి భార్య, నాటకంలోనూ అతని భార్యగా వేసిన మనిషి, మెల్లగా వెనక్కి తిరిగి నన్ను చూసింది. నాటకం వేసిన రోజు నుంచి ఆమె నాతో మాట్లాడటం మానేసింది. ఇన్నేళ్ళలో నా ముఖం వైపు చూడటం అదే మొదలు. జనం నవ్వితే నవ్వనీ, ఈ వయసులో నవ్వులు తగలవు. ఆమె మాత్రం నన్ను నమ్మాలి. నేను ఇన్నేళ్ళూ లోపల దాచుకున్నది అదొక్కటే.

ముందు నా సంగతి రెండు ముక్కలు. మాది పోచంపల్లి వైపు మగ్గాల ఇల్లు. ఏడో తరగతి తరవాత బడి లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణంలో పరుపు మీద కూర్చుని, వచ్చినవాళ్ళకు చీరలు విప్పి చూపించడం నా పని. ఇంగ్లీషు కోఠి ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల దగ్గర, అట్ట ఊడిన డిక్షనరీ సాయంతో నేర్చుకున్నాను. ఎవడూ చెప్పలేదు, ఎవడికీ దణ్ణం పెట్టలేదు. దుకాణం కట్టేశాక నాటకాలు. వేషం కట్టే ముఖం కాదు నాది. పక్క తెర వెనక పీట వేసుకుని, స్క్రిప్టు మోకాళ్ళ మీద పెట్టుకుని, మాట మరిచిపోయిన నటుడికి మాట అందించేవాణ్ణి. ప్రాంప్టరు అంటారు. ఆ మాట నటుడి చెవిలో పడాలి, ముందు వరసలో ఉన్నవాడికి తెలియకూడదు. ఇప్పుడు మాటలన్నీ ముందే రికార్డు చేసుకొచ్చి స్టేజీ మీద పెదవులు ఆడిస్తున్నారు. దాన్నీ నాటకమనే అంటున్నారు, దానికీ బహుమతులిస్తున్నారు.

ఆయన నన్ను మొదట చూసింది ఆ పీట మీదే. సైదాబాద్‌లో ఒక కమ్యూనిటీ హాల్లో మా నాటకం. ఎవరో కాలేజీవాళ్ళు కొన్నాళ్ళు పాఠాలు చెప్పమని పిలిస్తే ఈ ఊరు వచ్చాడట. ముందు వరసలో కూర్చోబెట్టారు. నాటకం సగంలో లేచి లోపలికి వచ్చేశాడు. పొడుగాటి మనిషి, నల్లని ఒళ్ళు, తెల్లని గడ్డం, ఏ రైతుబజార్లోనైనా కనిపించే మన ముఖమే. నా వెనక నిలబడి తెర పడేదాకా నన్నే చూశాడు. మెడ మీద ఎవరో ఊదుతున్నట్టు అనిపించింది నాకు.

తెర పడ్డాక ఇంగ్లీషులో అడిగాడు: “నువ్వు ఎవరి మనిషివి?”

“అంటే?”

“చీకట్లో కూర్చుని గుసగుసలాడేవాడు ఎప్పుడూ ఎవరో ఒకరి మనిషే.”

నాకు ఒళ్ళు మండింది. “మాట మరిచిపోయినవాడి మనిషిని” అన్నాను. ఆయన నవ్వి, చాయ్ తాగుదామన్నాడు. మా స్నేహం కొట్లాటతో మొదలైంది. చివరిదాకా కొట్లాటగానే నడిచింది.

ఆయన ముత్తాత తెలుగువాడు. చెరుకు కోతకు ఓడెక్కి పోయి, డర్బన్ అవతల తోటల్లో కూలి లైన్లలో పిల్లల్ని కన్నాడు. ఆదివారం బడిలో నేర్పిన తెలుగు కొంత ఆయనకు మిగిలింది. కానీ ఎలాంటి తెలుగు! దిల్‌సుఖ్‌నగర్ బస్టాండ్ దగ్గర షేర్ ఆటోవాడితో, “అయ్యా, నేను నాగోలునకు పోవలసియున్నది” అన్నాడు. ఆటోవాడు నా వైపు తిరిగి, “ఏంది పెద్దాయనా, గీ సార్ పద్యం చదువుతుండా? జర నువ్వు చెప్పు, ఏడికి పోవాలె?” అన్నాడు. ఆయనకు అర్థం చేసి చెబితే ఆటో అంతా అదిరేలా నవ్వాడు. నాగోల్లోనే, మూసీ వైపు, రెండు గదులు కిరాయికి తీసుకున్నాడు. పాఠాలు అయిపోయాక కూడా ఉండిపోయాడు. ఎందుకు ఉండిపోయావని అడిగితే, “ఇక్కడ నన్ను ఎవరూ ఆ నాటకం గురించి అడగరు” అనేవాడు.

ఆ నాటకం సంగతి నాకు ముక్కలు ముక్కలుగా చెప్పాడు, చాయ్ గ్లాసుల ముందు కూర్చుని, మెట్రో మెట్ల మీద ఆయాసపడుతూ. చొక్కాల ఫ్యాక్టరీలో పనిచేసేవాడట పడుచుతనంలో. మధ్యాహ్నం అన్నం గంటలో తోటి పనివాళ్ళతో నాటకాలు కట్టేవాడు. మనవాళ్ళు, నల్లవాళ్ళు కలిసి. అప్పటి చట్టం ప్రకారం ఒక రంగువాడు ఉండే పేటలో ఇంకో రంగువాడు ఉండకూడదు, ఒకే హాల్లో పక్కపక్కన కూర్చోకూడదు. వీళ్ళు కూర్చున్నారు. రిహార్సల్స్‌కు ఒక మనిషి రోజూ వచ్చి ఆఖరి వరసలో కూర్చునేవాడట. మంచివాడు, అందరికీ బిస్కట్లు తెచ్చేవాడు. వాడే పోలీసులకు కబురు మోసేవాడని తరవాత తెలిసింది. నన్ను ఆయన మొదట ఆ ప్రశ్న అడిగింది అందుకే.

ఒక రోజు పొద్దున్నే ప్రధాన వేషగాణ్ణి, కుట్టు మిషన్లు బాగుచేసే నల్లవాళ్ళ కుర్రవాణ్ణి, ఇంటినుంచి పట్టుకుపోయారు. సాయంత్రం నాటకం. వేరేవాణ్ణి పెడదామన్నారు కొందరు, ఆపేద్దామన్నారు కొందరు. ఆయన రెండూ వద్దన్నాడు. ఆ కుర్రవాడి మాట వచ్చిన చోటల్లా, అతను ఆ మాట చెప్పడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు అందరూ ఊరుకున్నారు. ఖాళీ వైపు చూశారు. విన్నారు. తరవాత జవాబు చెప్పారు. కుర్రవాడి తల్లి ముందు వరసలో కూర్చుని, ఖాళీ వచ్చినప్పుడల్లా తల ఊపిందట.

“ఆమె ఊరికే ఊపలేదు,” అన్నాడాయన, గ్లాసు కింద పెట్టి. “సరిగ్గా వాడు మాట ముగించే చోట ఊపేది. ఆమె ఎప్పుడూ మా రిహార్సల్‌కు రాలేదు.”

ఆ కుర్రవాడు తిరిగి రాలేదు. మెట్ల మీద జారిపడి పోయాడని పోలీసులు చెప్పారు. అప్పటినుంచి ఆ నాటకంలో ఆ వేషం ఎవరికీ ఇవ్వలేదు. ఖాళీతోనే దేశదేశాలు తిరిగింది. అక్కడ ఆ రంగు చట్టాలు పోయాక పెద్ద థియేటర్లవాళ్ళు పిలిచారు, పేరున్న సినిమా నటుణ్ణి ఆ వేషంలో పెట్టమన్నారు. ఇప్పుడు కూడా ఖాళీ ఎందుకన్నారు. ఒప్పుకోలేదు. మెల్లగా పిలవడం మానేశారు. ఆయన జీవితమంతా అంతే: ఒక ఖాళీ చోటుకు కాపలా. దాన్ని పిచ్చి అనేవాళ్ళు అన్నారు. నేను కూడా ఒకసారి మొహం మీదే అన్నాను. కానీ ఆయన ఆ ఖాళీ గురించి మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించేవాడు, పక్క గదిలో ఎవరో పడుకున్నట్టు.

ఇక్కడ తెలుగులో ఒక నాటకం కట్టాలనుకున్నాడు. ఇద్దరు ముసలివాళ్ళు, చెరుకు తోటలో ఒప్పందం ముగిసింది, తిరుగు ఓడ వెళ్ళే రోజు. భర్త ఇండియాకు పోదామంటాడు, భార్య రానంటుంది. అంతే కథ. భర్త వేషానికి కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పే ఒక గుంటూరు మనిషిని తెచ్చాను. భార్య వేషానికి అతని భార్యనే. ఆమె పుట్టిందే నాటకాల కుటుంబంలో, బస్టాండ్ పక్క సందులో మ్యాచింగ్ సెంటర్ నడుపుతుంది. బ్లౌజు ముక్కలు, లైనింగులు, ఫాల్స్. మా దుకాణంలో చీర కొన్నవాళ్ళను ఆమె దగ్గరికే పంపేవాణ్ణి. నన్ను “అన్నయ్యగారూ” అనేది. ఇంట్లో చేసిన పులిహోర టిఫిన్ డబ్బాలో పెట్టి పంపేది.

రిహార్సల్స్ ఎల్బీనగర్‌లో ఫంక్షన్ హాల్లో. మూఢం రోజులు, పెళ్ళిళ్ళు లేవు, హాలు మేనేజరు ఊరికే పాడుపడి ఉండే బదులు తీసుకోండని ఇచ్చాడు. పెళ్ళిళ్ళు లేని ఫంక్షన్ హాలును మీరు పట్టపగలు చూశారో లేదో. వధూవరుల పెద్ద కుర్చీలకు తెల్లగుడ్డలు కప్పి ఉంటాయి, ఎవరో ముసుగేసుకుని కూర్చున్నట్టు. థర్మోకోల్ ఏనుగులు గోడ వైపు ముఖం పెట్టి నిలబడి ఉంటాయి. వాడిన మల్లెల వాసన, పాత నూనె వాసన. బయట లారీల మోత, లోపల నీ అడుగు నీకే రెండుసార్లు వినపడుతుంది.

నాటకం సగం కుదురుకున్నాక ఆ లెక్కల మాస్టారు పోయాడు. పొద్దున క్లాసుకు బయలుదేరి, వీధి మలుపులోనే పడిపోయాడు. దవాఖానకు చేరేలోపే అంతా అయిపోయింది.

ఇక నాటకం లేదనుకున్నాం. పెద్దకర్మ అయ్యాక ఆమె తనే వచ్చింది. దర్శకుడి ముందు నిలబడి, నన్ను అనువాదం చేయమంది.

“ఆయన వేషం ఇంకెవరికీ ఇవ్వొద్దని చెప్పండి అన్నయ్యగారూ. వేరే గొంతుకు నేను జవాబు చెప్పలేను. ఆ ఖాళీ పద్ధతేదో ఉందిగా, అదే చేద్దాం. ఒక్కసారి ఆయన మాటలన్నీ ఆయన్ని చెప్పుకోనిచ్చి, నా జవాబులు నేను చెప్పుకుంటాను. తర్వాత ఇంక నాటకం మాట ఎత్తను.”

ఇంకొకటి కూడా అడిగింది. పుట్టినప్పటినుంచీ పక్క తెర వెనక ప్రాంప్టరు ఉన్న నాటకాలే ఆడింది, వెనక మనిషి లేకపోతే తనకు కాళ్ళాడవంది. దర్శకుడికేమో ప్రాంప్టరంటే విషం. చివరికి దిగొచ్చాడు, ఒక షరతు మీద. నన్ను పక్కకు పిలిచి నా చేయి పట్టుకుని అన్నాడు: “ఆమె మాటలు నీవి. అతని మాట మాత్రం నీ నోట రాకూడదు. గాలిగా కూడా రాకూడదు. అది అతని చోటు.”

మాటిచ్చాను. ఆ మాట నేను తప్పానని కదా వాడు మైకు పట్టుకుని నవ్వించింది.

మళ్ళీ రిహార్సల్స్ మొదలయ్యాయి. మొదట్లో ఆమెకు ఖాళీ పట్టుబడలేదు, తొందరపడి జవాబు చెప్పేసేది. తరవాత తరవాత సర్దుకుంది. తల కొంచెం పక్కకు వంచి వినేది. మాస్టారు బతికున్నప్పుడు ఒక మాట దగ్గర దగ్గేవాడు. సరిగ్గా అక్కడ ఆమె మంచినీళ్ళ చెంబు వైపు చేయి చాపేది. నేను పుటలు తిప్పేవాణ్ణి కదా, ఖాళీలో అతని మాట కళ్ళతో చదువుకునేవాణ్ణి. నేను చివరి అక్షరం మీదికి వచ్చేసరికి ఆమె నోరు తెరిచేది. ఒక్క రోజు కూడా ముందూ కాలేదు, వెనకా కాలేదు.

ఒక రోజు మధ్యాహ్నం మేనేజరు కింది నుంచి పైకి వచ్చాడు, ముఖం చిట్లించుకుని.

“గిదేం పద్ధతి? సార్ చచ్చిపోయిండని నాకు చెప్పి, మళ్ల తోల్కొస్తున్రు?”

“ఎవరిని?”

“గా లెక్కల సార్‌ని. కింద ఆఫీసుల కూసుంటే మంచిగ వినొస్తుంది. అమ్మ ఒక మాట, ఆయన ఒక మాట. నేనేమన్న చెవిటోణ్ణా?”

ఆమె కుర్చీలో కూర్చుని చెంగుతో ముఖం తుడుచుకుంటోంది, వినలేదు. “పైన ఆయన లేడు, ఎకో కొడ్తున్నట్టుంది” అని సర్దిచెప్పి పంపాను. మర్నాటినుంచి గుమ్మానికి నిమ్మకాయలు కట్టాడు. “మూఢం పోతే పెండ్లిళ్లున్నయి నాకు. దయ్యాల హాలని పేరొస్తే ఎవడు బుక్ చేస్తడు?” అని సణిగాడు. దర్శకుడికి ఇది చెప్పినప్పుడు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. కింద ఆఫీసులో వినపడినది ఏ రోజు, ఏ ఘట్టమని అడిగాడు. నాకు తెలియదన్నాను. “తెలుసుకోవద్దులే” అన్నాడు.

నాటకం ఒక ఆదివారం పొద్దున వేశాం. సాయంత్రానికి మూఢం విడిచిపోతోంది, డెకరేషన్‌వాళ్ళు పూల బుట్టలతో కింద కాచుకుని ఉన్నారు. జనం బాగానే వచ్చారు. మాస్టారి పాత విద్యార్థులు, మా దుకాణం వాళ్ళు, నాటకాల వాళ్ళు. దర్శకుడు ముందు వరసలో కూర్చున్నాడు. నేను ఎడమ పక్క తెర వెనక పీట మీద. నా వీపు గోడకు ఆనుకుని ఉంది. ఇది గుర్తుపెట్టుకోండి. నాకూ గోడకూ నడుమ చీమకు కూడా చోటు లేదు.

ఆఖరి ఘట్టం. ఓడ కూత వేస్తుంది. భర్త గుమ్మంలో నిలబడి, “నేను పోతున్నా. నువ్వు నీ మట్టిలో ఉండు” అంటాడు. భార్య, “పొండి. వెనక్కి మాత్రం చూడకండి” అంటుంది. తెర.

కూత అయింది. ఖాళీ మొదలైంది. ఆమె గుమ్మం వైపు తిరిగింది. నేను మాస్టారి మాటను కళ్ళతో చదువుకుంటున్నాను. అప్పుడు నా వెనకనుంచి, కుడి చెవి పక్కనుంచి, నెమ్మదిగా, గొంతు బాగా తగ్గించి ఎవరో అన్నారు:

“బాబూ, తలుపు వేసుకో.”

స్క్రిప్టులో ఆ మాట లేదు. ఎక్కడా లేదు. ఎవరి పిల్లవాడో మెట్లెక్కి తెర వెనకకు వచ్చాడనీ, వాణ్ణి వాళ్ళ నాన్న పిలుస్తున్నాడనీ అనుకున్నాను. అంత మామూలుగా ఉందా గొంతు. కోపంగా వెనక్కి తిరిగాను. గోడ. సున్నం నా ముక్కుకు తగిలింది.

స్టేజీ మీద గుమాస్తా కుర్రాడు నా వైపు చూశాడు. ముందు వరసలో దర్శకుడు లేచి నిలబడ్డాడు. ఆమె తెల్లగా పాలిపోయింది. నా తెర వైపు ఒక్క చూపు విసిరింది. అలాంటి చూపు మనిషి జీవితంలో ఒకసారి తింటే చాలు. తరవాత పళ్ళ బిగువున, “పొండి. వెనక్కి మాత్రం చూడకండి” అంది. తెర పడింది. చప్పట్లు చాలాసేపు కొట్టారు.

దర్శకుడు లోపలికి వచ్చాడు. “నువ్వా?”

“కాదు.”

“ఏ భాషలో వినపడింది నీకు?”

ఇదేం ప్రశ్న? “తెలుగులో” అన్నాను.

ఆయన తెల్లగుడ్డ కప్పిన పెళ్ళికుర్చీలో కూలబడ్డాడు. ఆ గుడ్డ కొంగు పట్టుకుని ముఖం తుడుచుకున్నాడు. “నాకు తెలుగులో వినపడలేదు” అన్నాడు. మరి ఏ భాషలో అని నేను అడగలేదు. కుట్టు మిషన్లు బాగుచేసే ఆ కుర్రవాడిది ఏ భాషో నాకు తెలుసు.

అప్పటికే తెర అవతల గోల మొదలైంది. మేనేజరు, “నేను ముందే చెప్పిన, ఎవరన్న విన్నరా?” అని అరుస్తున్నాడు. ఫోన్లు పట్టుకున్నవాళ్ళు ఆమె చుట్టూ మూగారు. “అమ్మా, సార్ గొంతేనా? మీరు కూడా విన్నారా?” అంటూ ఒకడు కెమెరా ఆమె ముఖం మీద పెట్టాడు. దర్శకుడు నన్ను వదిలి గబగబా అటు నడిచాడు. రెండు చేతులూ ఎత్తి, ఇంగ్లీషులో, అందరికీ వినపడేలా చెప్పాడు: “ఏమీ లేదు. మా ప్రాంప్టరు పొరపడ్డాడు. ముసలివాడు, అలవాటు. క్షమించండి.”

మనుషులు ఒక్కసారి తేలికపడ్డారు. నవ్వుకుంటూ భోజనాలకు పోయారు.

నేను ఆయన్ని మెట్ల దగ్గర పట్టుకున్నాను. “ఇదేం అన్యాయం? నన్ను అడగకుండా?”

“పోలీసులు ఈ మాట ఎవరన్నారని అడిగినప్పుడు మాలో ఎవరో ఒకరు నేనే అనాలి. లేకపోతే అందరినీ పట్టుకుపోతారు. ఇప్పుడు వీళ్ళు ఆమెను పట్టుకుపోయేవాళ్ళు. ఇంటిముందు కొబ్బరికాయలు కొట్టేవాళ్ళు. ఆమె కోసం నువ్వు ఇది మోయి బ్రదర్” అన్నాడు.

మోశాను. ఆయన గొప్పవాడే, కాదనను. కానీ ఆ రోజు నాకు చేసింది అన్యాయం. ఆమె ఆ మాట నమ్మిందనే అనుకున్నాను. పులిహోర డబ్బాలు ఆగిపోయాయి. మ్యాచింగ్ సెంటర్ ముందునుంచి పోతుంటే తల దించుకునేది. అలవాటు కొద్దీ జారిన మాటకు ఇంత కోపమా అని నాకు అర్థం కాలేదు. ఆయన తన దేశం వెళ్ళిపోయాడు. ఆ మధ్య అక్కడే పోయాడు. పోయేలోపు ఆమెకు ఒక ముక్క రాసి నిజం చెబుతాడేమోనని ఎదురుచూశాను. చెప్పలేదు.

సభ మర్నాడు నేనే ఆమె దుకాణానికి వెళ్ళాను. మధ్యాహ్నం, బేరాలు లేని వేళ. ఆమె ఒక ఎర్ర లైనింగు గుడ్డ మడతపెడుతోంది. నన్ను చూసి ఆగింది.

“మీరు కాదన్నారు నిన్న.”

“కాదు చెల్లే.”

“మరి మీకేం వినపడింది? ఉన్నదున్నట్టు చెప్పండి.”

చెప్పాను. ఎవరో పిల్లగాణ్ణి పిలిచిండ్రనుకున్న, ఎనుకకు తిరిగితే గోడ తగిలింది, ఆట అయినంక కూడా మేనేజర్‌తోటి కొట్లాడిన, తెరెనుకకు పోరగాండ్లను ఎందుకు రానిస్తున్నవని. అంతా చెప్పాను.

గుడ్డ ఆమె చేతిలోంచి జారింది.

“నేను చిన్నప్పుడు మా నాన్నగారి నాటకాల్లో మగపిల్లాడి వేషాలే వేసేదాన్ని. మా ఆయన నన్ను మొదటిసారి చూసింది పంచె కట్టులో, తలపాగాతో. పెళ్ళైనప్పటినుంచీ ఇంట్లో ఎవరూ లేనప్పుడు నన్ను ‘బాబూ’ అనేవారు. క్లాసుకెళ్తూ గుమ్మంలో నిలబడి రోజూ అదే మాట. ఆ చివరి రోజు కూడా. మా తోడబుట్టినవాళ్ళకే తెలీదు. ఆయన ఎప్పుడో టీ దగ్గర మీకు చెప్పుంటారు, మీరు దాన్ని పట్టుకుని, జనంలో, ఆయన గొంతు పెట్టి నాతో ఆడుకున్నారనుకున్నాను. మీరు అలవాటు కొద్దీ డైలాగు అందించారని ఆ పెద్దాయన చెప్తే, అబద్ధం అని నాకు అప్పుడే తెలుసు. డైలాగు కాదుగా అది.”

“నాకు తెల్వదమ్మా. ఆయన నాకు ఎన్నడూ చెప్పలే.”

“మరి ఎందుకు ఊరుకున్నారు ఇన్నేళ్ళు?”

దర్శకుడు అన్నది చెప్పాను. ఆమె కళ్ళు ఎర్రబడ్డాయి.

“నా కోసమా? నన్నడిగారా మీరిద్దరూ? ఆయన వచ్చి పిలిస్తే, నేను మీ మీది కోపంతో, పొండి, వెనక్కి చూడకండి అన్నాను. తెలుస్తోందా మీకు? ఆయన్ని అన్నాను ఆ మాట!”

ఒక బేరం వచ్చింది. ఆకుపచ్చ జాకెట్టు ముక్క. ఆమె చూపించింది, కత్తిరించింది, కవర్లో పెట్టింది. ఆ మనిషి వెళ్ళాక, షట్టరు సగం దించి అంది: “ఆ హాలు ఇప్పుడు ఖాళీగానే ఉంటుందా?”

ఆషాఢం. ఖాళీగానే ఉంది. మేనేజరు మారాడు, కొత్తవాడికి మేమెవరమో తెలియదు. పెళ్ళికి హాలు చూసుకోవాలని చెబితే, పైకి పోయి చూసుకోమన్నాడు. కిటికీ పరదాలు మూసి ఉన్నా ఎండ సన్నగా లోపలికి వస్తోంది. ఆమె చెప్పులు కింద విడిచి స్టేజీ ఎక్కింది. నన్ను ఎప్పటి చోటుకే వెళ్ళి కూర్చోమంది. పీట లేదు, నేల మీద కూర్చున్నాను, వీపు గోడకు ఆనించి. తువ్వాలు కొస నోట్లో కుక్కుకున్నాను. ఈసారి ఎవడూ అనడానికి లేదు.

ఓడ కూత లేదు. గుమాస్తా లేడు. ఆమె గుమ్మం ఉండే వైపు తిరిగి నిలబడింది. అంతా నిశ్శబ్దం. మా చివరి ఘట్టంలో ఖాళీ ఎంతసేపో నాకు ఒంట్లో ఉంది. అది గడిచింది. అంతకు రెండింతలు గడిచింది. నాకు ఏమీ వినపడలేదు. లారీలు కూడా వినపడలేదు.

అప్పుడు ఆమె, స్టేజీ గొంతుతో కాదు, ఇంటి గుమ్మంలో నిలబడి మాట్లాడే గొంతుతో అంది:

“వేసుకుంటాను లెండి. మీరు నెమ్మదిగా వెళ్ళండి.”

మళ్ళీ ఆగింది. తల కొంచెం పక్కకు వంచింది. ఎవరో ఏదో అన్నట్టు, అది ఎప్పుడూ అనేదే అన్నట్టు, పకపకా నవ్వింది. ఆమె అలా నవ్వగా మాస్టారు పోయాక నేను వినలేదు.

దిగి వచ్చి, చెంగుతో కళ్ళు తుడుచుకుంటూ, “వినపడిందా అన్నయ్యగారూ?” అంది.

నోట్లోంచి తువ్వాలు తీశాను. “లేదమ్మా. ఏం వినపడలే.”

“సరేలెండి,” అంది, చెప్పుల్లో కాళ్ళు దూర్చుతూ. “మీతో కాదుగా.”